ఒకసారి సెట్ చేసి వదిలేసే పని కాదిది

మెయిన్‌ఫ్రేమ్ స్టోరేజీ విషయంలో మన ఐటీ లోకంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. డేటా రెండో ఊళ్లో కూడా ఎప్పటికప్పుడు పడుతోంది కాబట్టి భయం లేదట. ఆ రెప్లికేషన్ పాత్‌లు వేయడం, కంట్రోల్ డివైజ్‌లు కేటాయించడం బాక్సు అమ్మిన కంపెనీ ఇంజినీరు ఓ పూటలో ముగించి పోయే పనట. ఆ తర్వాత తెర మీద జోడీలన్నీ ‘డ్యూప్లెక్స్’ అని కనిపిస్తున్నాయో లేదో చూసుకుంటే చాలట. మేనేజర్లు ఈ మాట మీటింగుల్లో చెబుతారు. ఆడిటర్లు ఆ తెర ఫొటో తీసుకుని ఫైల్లో పెట్టుకుంటారు. కోచింగ్ సెంటర్లలో ఈ అధ్యాయం ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

ఈ నమ్మకం తప్పు. దీనివల్ల స్టాక్ ఎక్స్ఛేంజీలు ఆగాయి, బ్యాంకుల ఏటీఎంలు మూగబోయాయి. ఎక్స్ఛేంజీలు ఆగినప్పుడు విచారణలో తేలింది దాదాపు ఒకటే. డిస్కు పోవడం, తీగ తెగడం మామూలే. అవి పోయినప్పుడు ఏం జరగాలో ముందే రాసిపెట్టిన సెట్టింగు, సంస్థ అనుకున్న సెట్టింగు ఒకటి కావు. ఆ తేడాను అంతకుముందు ఎవరూ పరీక్షించి చూడలేదు.

నేను రాస్తున్నది జుగ్సలాయి నుంచి. టాటానగర్ స్టేషన్‌ను ఆనుకుని, కంపెనీ లీజు భూమికి బయట, తన మునిసిపాలిటీ తనకున్న బజారు ఊరు ఇది. పట్టాలకు ఆ పక్క బిష్టుపూర్, కదమా పేటల్లో ఉక్కు కర్మాగారం పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం ఉంటోంది. బిష్టుపూర్ రామమందిరంలో తెలుగు వినిపించని పండగ లేదు. ఈ పట్నానికి కంప్యూటరు పనితో బంధం ఈనాటిది కాదు. 1968లో మొదలైన టీసీఎస్ తొలినాళ్లలో చేసిన పనుల్లో ఇక్కడి ఉక్కు కంపెనీ టిస్కోకు పంచ్‌కార్డుల పని ఒకటి. తర్వాత వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని సముద్రాలు దాటిన తెలుగు పిల్లల్లో ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు వెళ్లక్కర్లేదు. రాత్రి షిఫ్టులో ఇంట్లోనే కూర్చుని ఎక్కడో ఖండాంతరంలో ఉన్న బ్యాంకు డిస్కులను కాపలా కాయొచ్చు. నేను చేసే పని అదే. అందుకే ఈ పనిని ‘క్లిక్కుల పని’ అని కొట్టిపారేస్తుంటే ఊరుకోలేను.

ముందు ఆ పనేమిటో దగ్గరగా చూద్దాం. మెయిన్‌ఫ్రేమ్‌లో డిస్కు వాల్యూమ్‌లు లాజికల్ కంట్రోల్ యూనిట్ల కింద గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపులో 256 అడ్రసుల దాకా పడతాయి. ఈ కేంద్రంలోని ఒక గుంపుకూ అవతలి కేంద్రంలోని ఒక గుంపుకూ మధ్య ముందు పాత్‌లు వేయాలి. ఐబీఎం రెప్లికేషన్ పద్ధతి అయిన పీపీఆర్‌సీలో ఒక జత గుంపుల మధ్య ఎనిమిది పాత్‌ల వరకు వేయొచ్చు. పాత్‌లు పడ్డాక వాల్యూమ్‌లను జోడీ కడతాం. జోడీలో రెండూ ఒకేలా ఉంటే ఆ స్థితి పేరు డ్యూప్లెక్స్. సింక్రనస్ పద్ధతిలో అయితే ఇక్కడ రాసింది అక్కడా పడి, అందినట్టు జవాబు వచ్చాకే ప్రోగ్రాముకు రాత పూర్తయినట్టు.

పాత్ వేసే ఆజ్ఞ పేరు సెస్ట్‌పాత్. చూడ్డానికి ఒక వాక్యం. అందులో ఈ వైపు, ఆ వైపు బాక్సుల సీరియల్ నంబర్లు, గుంపుల గుర్తులు, వాడాల్సిన పోర్టుల జాబితా ఉంటాయి. ఈ ఆజ్ఞకు ఒక గుణం ఉంది. అది పాత జాబితాకు కొత్తది చేర్చదు, పాతదాన్ని తీసేసి కొత్తది పెడుతుంది. నాలుగు పాత్‌లున్న చోట ఐదోది కలపాలంటే ఐదూ రాయాలి. కొత్తదొక్కటే రాస్తే నాలుగూ పోయి ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కటీ పనిచేస్తున్నంత కాలం జోడీలు డ్యూప్లెక్స్‌లోనే ఉంటాయి, తెర పచ్చగానే ఉంటుంది. ఒక సంస్థలో సరిగ్గా ఇదే జరగడం చూశాను. వారాల తరబడి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అందరూ చూస్తున్నది జోడీల స్థితినే. పాత్‌ల ప్రశ్న వేరే ఆజ్ఞతో అడగాలి, ఎవరూ అడగలేదు.

ఇంకొకటి. ఈ పాత్‌లకు దిశ ఉంటుంది. ఇక్కడి నుంచి అక్కడికి వేసిన పాత్ అక్కడి నుంచి ఇక్కడికి పనికిరాదు. తీగ ఒకటే అయినా తిరుగు దారి విడిగా వేయాలి. విపత్తు వచ్చి రెండో కేంద్రానికి మారిపోయి, మూడు రోజుల తర్వాత తిరిగి రావాలనుకున్నప్పుడు తిరుగు పాత్ లేదని తెలిస్తే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఊహించుకోండి. ‘ఒకసారి సెట్ చేస్తే చాలు’ అన్నవాళ్లు సాధారణంగా వెళ్లే దారినే సెట్ చేసి ఉంటారు.

అదే ఆజ్ఞలో సీగ్రూప్ అని ఇంకో చిన్న మాట ఉంది. అవునని రాయకపోతే కాదనే లెక్క. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన మాట ఇదే. డేటాబేసు ఎప్పుడూ ఒక వరసలో రాస్తుంది. ముందు లాగులో ‘ఈ ఖాతా నుంచి ఇంత తీస్తున్నా’ అని రాసుకుంటుంది, తర్వాత ఖాతాలో మారుస్తుంది, తర్వాత లాగులో ‘అయిపోయింది’ అని ముగిస్తుంది. లాగు ఒక గుంపులోని వాల్యూమ్ మీద, ఖాతా ఇంకో గుంపులోని వాల్యూమ్ మీద ఉండొచ్చు. ఇప్పుడు ఖాతా ఉన్న గుంపుకే పాత్ తెగింది అనుకుందాం. అవతలి కేంద్రంలో లాగు ‘అయిపోయింది’ అంటుంది, ఖాతాలో పాత అంకె అలాగే ఉంటుంది. ఆ నిమిషంలో మొదటి కేంద్రం కూడా కూలితే రెండో కేంద్రంలో మిగిలేది తేదీ లేని శిథిలం, దాని మీద డేటాబేసు నిలబడదు. దీన్ని ఆపడానికే ఫ్రీజ్ ఉంది. ఒక జోడీ తెగగానే ఆ వాల్యూమ్ మీద రాతలు కాసేపు నిలబడిపోతాయి, మామూలుగా రెండు నిమిషాలు. ఆ లోపల అన్ని గుంపులకూ ‘మీరూ ఆగండి’ అన్న ఆజ్ఞ చేరాలి. చేరితే అవతలి కాపీ మొత్తం ఒకే క్షణానికి చెందినదై ఉంటుంది. సీగ్రూప్ అవునని రాయని పాత్ మీద ఈ ఆగడం జరగనే జరగదు.

కంట్రోల్ డివైజ్ అవసరం ఇక్కడే. ఈ ఆజ్ఞలు ఏదో ఒక డివైజ్ అడ్రసు గుండానే బాక్సుకు చేరాలి. ఈఎంసీ లోకంలో దాన్ని గేట్‌కీపర్ అంటారు, హిటాచీ వాళ్లు కమాండ్ డివైజ్ అంటారు, ఐబీఎం ఆటోమేషన్ అయిన జీడీపీఎస్‌లో యుటిలిటీ డివైజ్ అంటారు. చాలా చిన్న వాల్యూమ్, అందులో డేటా ఉండదు, దాన్ని రెప్లికేషన్‌లో పెట్టరు. ఎందుకు పెట్టరంటే, లింకు తెగినప్పుడు నిలబడిపోయేవి రెప్లికేషన్‌లో ఉన్న వాల్యూమ్‌లే. ‘ఆగండి’ అనో ‘కదలండి’ అనో చెప్పాల్సిన ఆజ్ఞ కూడా అదే క్యూలో చిక్కుకుంటే రెండు నిమిషాలూ అక్కడే కరిగిపోతాయి. ఖాళీగా పడి ఉందని ఆ చిన్న వాల్యూమ్‌ను స్పేస్ టీము ఇంకో పనికి వాడేయడం, కొత్త కంట్రోల్ యూనిట్ చేర్చినప్పుడు దానికొక కంట్రోల్ డివైజ్ పెట్టడం మరిచిపోవడం, ఉన్నదాన్ని మిగతా వాల్యూమ్‌లతో పాటు జోడీ కట్టేయడం ఈ రంగంలో అందరికీ తెలిసిన తప్పులు. ఏ ఒక్కటీ తెర మీద ఎర్రగా కనిపించదు. లింకు తెగిన రోజే కనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న. లింకు తెగింది, అన్ని గుంపులూ ఒకే క్షణంలో ఆగాయి. ఇప్పుడు మొదటి కేంద్రం రాతలు కొనసాగించాలా, ఆగిపోవాలా? కొనసాగిస్తే సేవ నడుస్తుంది, కానీ ఆ క్షణం నుంచి జరిగినదేదీ రెండో కేంద్రంలో ఉండదు. ఆగిపోతే ఒక్క లావాదేవీ కూడా పోదు, కానీ కౌంటర్ల దగ్గర జనం నిలబడిపోతారు. పీపీఆర్‌సీలో ఈ ప్రశ్నకు జవాబు క్రిట్ అన్న మాటలోనూ, ఫ్రీజ్ విధానంలోనూ ఉంటుంది. ఈఎంసీ ఎస్‌ఆర్‌డీఎఫ్‌లో డామినో మోడ్ అంటారు. హిటాచీ ట్రూకాపీలో ఫెన్స్ లెవెల్ అంటారు. పేర్లు మూడు, ప్రశ్న ఒకటే. అది సాంకేతిక ప్రశ్నే కాదు. డిపాజిటరు డబ్బు ముఖ్యమా, డిపాజిటరు సమయం ముఖ్యమా అని అడిగే ప్రశ్న. ఇంత బరువైన ప్రశ్నకు జవాబును ఒక విజార్డులోని డిఫాల్టుకు వదిలేసి, ‘వెండర్ చూసుకున్నాడు’ అంటున్నాం మనం.

వదిలేస్తే ఏమవుతుందో 2021 ఫిబ్రవరి 24న దేశమంతా చూసింది. ఆ రోజు ఉదయం 11.40కి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ)లో అన్ని విభాగాల్లో ట్రేడింగు ఆగింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3.45కి, సాయంత్రం 5 దాకా సమయం పొడిగించి. ఎన్‌ఎస్‌ఈది మెయిన్‌ఫ్రేమ్ కాదు, ఓపెన్ సిస్టమ్స్ మీద నడిచే శాన్ స్టోరేజీ. అయినా మనం మాట్లాడుకుంటున్న ప్రశ్న అక్షరాలా అక్కడుంది. సంస్థ తర్వాత ఇచ్చిన వివరణ ప్రకారం, రెండు కేంద్రాల మధ్య ఇద్దరు సర్వీస్ ప్రొవైడర్ల లింకులున్నాయి. దారిలో తవ్వకాలు, నిర్మాణ పనుల వల్ల ఆ లింకులు అస్థిరమయ్యాయి. లింకు పోతే మొదటి శాన్ తన పని తాను చేసుకుపోవాలన్నది డిజైను. జరిగింది వేరు. మొదటి శానే సర్వర్లకు అందకుండా పోయింది. దాంతో క్లియరింగ్ కార్పొరేషన్‌లో ఆన్‌లైన్ రిస్కు వ్యవస్థ ఆగింది, రిస్కు లెక్క లేకుండా ట్రేడింగు నడపలేక అంతా మూశారు. వెండర్ అమలు చేసిన ఫెయిలోవర్ లాజిక్ తాము చెప్పిన డిజైనుకు సరిపోలేదని, కాన్ఫిగరేషన్‌లో లోపాలున్నాయని ఎన్‌ఎస్‌ఈయే చెప్పింది.

‘చూశారా, తప్పు వెండర్‌దే’ అనేవాళ్లు ఉన్నారు. ఈ వాదన నాకు మింగుడుపడదు. ‘లింకు తెగితే కొనసాగాలి’ అన్న కోరిక కాగితం మీద ఉంటే సరిపోతుందా? ఒక సెలవు రోజు నిజంగా లింకు పీకి, యంత్రం కొనసాగుతోందో లేదో చూసిన సంస్థకు ఆ సంగతి తెలియకుండా ఉండే వీలే లేదు. లోపం వెండర్ చేతిలో పుట్టి ఉండొచ్చు, అది ఫిబ్రవరి 24 దాకా బతికింది మాత్రం పరీక్ష లేకపోవడం వల్ల. ఆ సంఘటన తర్వాత 2021 మార్చి 22న సెబీ నిబంధనలు బిగించింది. కీలక వ్యవస్థ ఆగితే 30 నిమిషాల్లో విపత్తు ప్రకటించాలి, ప్రకటించాక 45 నిమిషాల్లో డీఆర్ కేంద్రం, అంటే విపత్తు వేళ వాడే రెండో కేంద్రం నుంచి నడపాలి. మంచి నిబంధనే. కానీ గడియారం పెట్టినంత మాత్రాన పాత్‌లు సరవ్వవు. తిరుగు దారి లేని చోట, కంట్రోల్ డివైజ్ లేని గుంపు ఉన్న చోట 45 నిమిషాలు కాదు, 45 గంటలిచ్చినా అంతే.

ఎన్‌ఎస్‌ఈ సంఘటనకు దాదాపు అయిదు నెలల ముందు, 2020 అక్టోబరు 1న టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజీ ఒక రోజంతా మూతపడింది. ఫుజిత్సు సరఫరా చేసిన షేర్డ్ డిస్కు పరికరంలో మెమరీ పాడైంది. అంతవరకూ మామూలే, రెండో పరికరం అందుకోవాలి. అందుకోలేదు. ఆటోమేటిక్‌గా మారడానికి సంబంధించిన సెట్టింగు ఆ రకం వైఫల్యానికి ఆఫ్‌లో ఉంది. ఆఫ్‌లో ఉన్నా మారుతుందనే మాన్యువల్ చెప్పింది. ఉత్పత్తి కొత్త తరంలో ఆ ప్రవర్తన మారింది, మాన్యువల్ మారలేదు. ఎక్స్ఛేంజీ అధ్యక్షుడు కోయిచిరో మియాహారా రాజీనామా చేశారు. మాన్యువల్ చదివి సెట్ చేసిన ఇంజినీరుది ఏమీ తప్పు లేదు. మాన్యువల్‌ను నమ్మి పరీక్ష మానేసిన వ్యవస్థది తప్పు.

‘ఇవన్నీ చిన్న యంత్రాల గొడవలు, మెయిన్‌ఫ్రేమ్‌లో ఇలా జరగదు’ అని మా వృత్తిలోనే కొందరు రొమ్ము విరుచుకుంటారు. వాళ్లు 2010 జులై 5ను గుర్తు చేసుకోవాలి. సింగపూర్ డీబీఎస్ బ్యాంకులో ఆ వేకువన మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపిన డిస్కు స్టోరేజీలో ఒక కేబుల్ మార్చే పని పెట్టుకున్నారు. బాక్సు నడుస్తూనే ఉంది, హెచ్చరికలు మాత్రం ఇస్తోంది. మరమ్మతుకు ఐబీఎం సిబ్బంది వాడినది కాలం చెల్లిన విధానం. ఫలితంగా ఒకదాని వెనక ఒకటి పెట్టిన రక్షణ పొరలన్నీ పనికిరాకుండా పోయాయి, స్టోరేజీ మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడడం మానేసింది. ఏటీఎంలతో సహా సేవలు ఏడు గంటలు ఆగాయి. సింగపూర్ మానిటరీ అథారిటీ ఆ బ్యాంకు అదనంగా దాదాపు 23 కోట్ల సింగపూర్ డాలర్ల మూలధనం పక్కన పెట్టుకోవాలని ఆదేశించింది. ఒక కేబుల్ మార్చే వరస తప్పినందుకు పడిన మూల్యం ఇది. ‘ఒక పూట పని’ అనేవాళ్లు ఈ అంకెను ఒకసారి పైకి చదవాలి.

రెండు టెలికాం కంపెనీల లింకులు తీసుకుంటే చాలునన్న ధీమా గురించి కూడా చెప్పాలి. మా జుగ్సలాయి బజారులో హోల్‌సేల్ దుకాణదార్లు చాలామంది రెండు కంపెనీల ఇంటర్నెట్ పెట్టించుకుంటారు. స్టేషన్ రోడ్డులో తలెత్తి చూడండి, రెండు తీగలూ ఒకే కరెంటు స్తంభం మీద ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. లారీ ఆ స్తంభాన్ని గుద్దిన రోజు రెండూ పోతాయి. కోట్లు ఖర్చు పెట్టే సంస్థల లింకులు కూడా భూమిలోపల తరచూ ఇలాగే ఉంటాయి. బిల్లులు రెండు వస్తాయి, కందకం మాత్రం ఒకటే, నది దాటే వంతెన ఒకటే. ఎన్‌ఎస్‌ఈలో ఇద్దరు ప్రొవైడర్లున్నా తవ్వకం ముందు ఇద్దరి లింకులూ నిలవలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఫోన్లు, కరెంటు రోజుల తరబడి లేకుండా పోయాయి. ఆ గాలికి ఏ కంపెనీ స్తంభం ఏదో తెలియదు. కాబట్టి పాత్ అంటే తెర మీద పోర్టు నంబరు ఒక్కటే కాదు. ఆ పోర్టు నుంచి బయల్దేరిన ఫైబరు ఏ రోడ్డు కింద పోతోందో కూడా రాసి ఉండాలి. టెలికాం వాళ్లు దారి పటం ఇచ్చేలా ఒప్పందంలోనే రాయించుకోవాలి.

దూరం కూడా పాత్ సంగతే. ‘ఎందుకొచ్చిన గొడవ, అంతా సింక్రనస్ పెట్టేసి చాలా దూరంలో కాపీ ఉంచితే సరి’ అనే సలహా తరచూ వింటాను. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. టాటానగర్ నుంచి హౌరాకు రైలు దారిన సుమారు 250 కిలోమీటర్లు. అదే దారిన ఫైబరు వేసినా పోయి రావడానికి రెండున్నర మిల్లీసెకన్లు, అదీ మధ్యలో ఏ పరికరమూ ఆలస్యం చేయకపోతే. దగ్గర్లోని స్టోరేజీ అంతకంటే ఎంతో తక్కువ సమయంలో రాత ముగించేస్తుంది. ఒక్క రాతకు రెండున్నర మిల్లీసెకన్లంటే నవ్వొస్తుంది కానీ, రాత్రి బ్యాచ్‌లో ఒకదాని వెనక ఒకటి నడిచే కోటి రాతల మీద అది ఏడు గంటలకు చేరుకుంటుంది. తెల్లారి బ్రాంచీలు తెరిచే వేళకు బ్యాచ్ పూర్తి కాదు. అప్పుడు ఎవరో ఒకరు చడీచప్పుడు లేకుండా ‘బ్యాచ్ నడిచేటప్పుడు రెప్లికేషన్ ఆపుదాం’ అంటారు. ఆపుతారు. ఆ సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు.

ఆపి మళ్లీ కలిపే ఆ సమయమే అన్నిటికన్నా ప్రమాదకరం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. జోడీ తెగి ఉన్నంతసేపూ అవతలి కాపీ పాతదే అయినా ఒక క్షణానికి చెందినది, దాన్ని పట్టుకుని నిలబడొచ్చు. తిరిగి కలపడం మొదలుపెట్టగానే మారిన ట్రాకులు వరసతో పనిలేకుండా అటు పరిగెడతాయి. సగం పాత, సగం కొత్త. పూర్తయ్యేదాకా ఆ కాపీ దేనికీ పనికిరాదు. సరిగ్గా అప్పుడే మొదటి కేంద్రం పోతే చేతిలో మిగిలేది ఏమీ లేదు. అందుకే కలపబోయే ముందు అవతలి కాపీకి ఒక ఫ్లాష్‌కాపీ, అంటే ఆ క్షణపు నకలు తీసి పక్కన పెట్టాలి. దీనికి అదనపు డిస్కు కావాలి, డిస్కుకు డబ్బు కావాలి. బడ్జెట్ కోతలో మొట్టమొదట పోయేది ఇదే. లింకు తెగి తిరిగి వచ్చిన ఆ గంటలో ఎంతమంది ఊపిరి బిగపట్టి తెర వైపు చూస్తూ కూర్చుంటారో, ఆ కోతకు సంతకం పెట్టినవారికి తెలియదు.

రెండో కాపీ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదన్న మాట ఇంకా ఘోరం. రెప్లికేషన్‌కు మంచి చెడ్డ తెలియదు. ఇక్కడ రాసిన తప్పును అక్కడ కూడా అంతే శ్రద్ధగా రాస్తుంది. 2003 మార్చి 10న డెన్మార్క్‌లోని డాన్స్కే బ్యాంకులో ఐబీఎం డిస్కు వ్యవస్థ ఒకదానిలో విద్యుత్ భాగం మారుస్తుండగా వ్యవస్థ ఆగిపోయింది. అసలు గాయం ఆ తర్వాత తగిలింది. తిరిగి లేపే క్రమంలో డీబీ2 డేటాబేసు సాఫ్ట్‌వేరులో అంతదాకా దాగున్న లోపాలు ఒక్కొక్కటిగా బయటపడి డేటా పొందిక చెడిపోయింది. పూర్తిగా కోలుకోవడానికి దాదాపు వారం పట్టింది. డిస్కు స్థాయి కాపీ ఎంత పక్కాగా ఉన్నా ఇలాంటి జబ్బుకు మందు కాదు. ఇప్పుడు రాన్సమ్‌వేర్ కాలం. దొంగ గుప్తీకరించిన ప్రతి ట్రాకూ క్షణంలో రెండో ఊళ్లో కూడా గుప్తీకరించబడుతుంది. వెనక్కి వెళ్లడానికి, ఎవరూ చెరపలేని పాత కాపీలు విడిగా ఉండాల్సిందే.

ఎదుటివాళ్ల వాదనలో నిజం అసలు లేదని నేననను. జీడీపీఎస్ లాంటి ఆటోమేషన్ వచ్చాక అర్ధరాత్రి మనిషి చేతితో కొట్టాల్సిన ఆజ్ఞలు తగ్గాయి. రెండు నిమిషాల గడువులో వందల గుంపులకు ఫ్రీజ్ పంపడం మనిషి వల్ల అయ్యే పని కాదు, యంత్రమే చేయాలి. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఆటోమేషన్ తనకు ఇచ్చిన జాబితానే నమ్ముతుంది. నిరుడు చేర్చిన కంట్రోల్ యూనిట్ ఆ జాబితాలో లేకపోతే ఫ్రీజ్ దాన్ని వదిలేసి మిగతావాటిని ఆపుతుంది. ఆ ఒక్క గుంపు వల్ల మొత్తం కాపీ పొందిక పోతుంది. పని చేతుల నుంచి జాబితాలోకి మారింది, అంతే. ఆ జాబితా సరిగ్గా ఉందో లేదో చూసే మనిషి కావాలి. ఆ మనిషికి అధికారం కావాలి.

ఏటా డ్రిల్లు పాసవుతున్నాం కదా అంటారు. ఎలాంటి డ్రిల్లు? శనివారం రాత్రి అప్లికేషన్లన్నీ పద్ధతిగా ఆపి, రాతలన్నీ ముగిశాయని తేల్చుకుని, జోడీలను మర్యాదగా విడదీసి, అవతల లేపుతారు. విపత్తు అలా చెప్పి రాదు. పద్ధతిగా ఆపిన వ్యవస్థ మీద ఫ్రీజ్ ఎప్పటికీ పరీక్షకు రాదు, కంట్రోల్ డివైజ్ అవసరమే పడదు, సీగ్రూప్ ఉందో లేదో తెలియదు. ఆర్‌బీఐ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐటీ గవర్నెన్స్ మాస్టర్ డైరెక్షన్ కీలక వ్యవస్థలకు కనీసం ఆరు నెలలకొక డ్రిల్లు కోరుతోంది, డీఆర్ నుంచి కనీసం ఒక పూర్తి పనిదినం నడిపి చూపమంటోంది. ఇది ముందడుగు. కానీ మర్యాదగా విడదీసి మారిపోయి ఒక రోజు నడిపినా ఈ నిబంధన తీరిపోతుంది. నడుస్తున్న లోడు మధ్య పాత్ పీకడం అందులో భాగం కాకపోతే నేను పైన చెప్పిన లోపాల్లో చాలావరకు ఆ డ్రిల్లును దాటిపోతాయి.

నడుస్తుండగా పాత్ పీకితే ప్రమాదం కదా అని భయపడతారు. ప్రమాదమే. అందుకే మనం ఎంచుకున్న ఆదివారం వేకువన, మన మనుషులంతా మెలకువగా ఉన్నప్పుడు, వెండర్ ఇంజినీరును పక్కన కూర్చోబెట్టుకుని పీకాలి. అది పీకలేనంత భయంగా ఉంటే ఆ భయమే ఆ కాన్ఫిగరేషన్ మీద సంస్థకున్న అసలు అభిప్రాయం. దాన్ని బోర్డుకు రాసి పంపాలి.

ఈ పనిని చిన్నచూపు చూడడం వల్ల నష్టపోతున్నది యంత్రాలు మాత్రమే కాదు. రాత్రి షిఫ్టులో ఉన్న కుర్రాడు ‘సార్, ఈ పాత్‌లకు సీగ్రూప్ లేదు, కావాలనే పెట్టలేదా?’ అని అడిగితే, ‘నీకెందుకు, వెండర్ ఇచ్చిన షీటు ప్రకారం నడిపించు’ అన్న జవాబు వస్తుంది. రెండోసారి అతడు అడగడు. మూడోసారి అతడికి ఆ ప్రశ్న తట్టదు కూడా. మన తెలుగు పిల్లలు వేలమంది ఈ కుర్చీల్లో ఉన్నారు, హైదరాబాద్‌లో, విశాఖలో, ఇక్కడ జంషెడ్‌పూర్‌లో. కోబాల్ ప్రోగ్రాము రాసినవాడికి దక్కే గౌరవంలో సగమైనా, ఆ ప్రోగ్రాము రాసిన రికార్డు రెండో ఊళ్లో క్షేమంగా పడేలా చూసేవాడికి దక్కడం లేదు. ప్రశ్న అడిగే హక్కు లేని చోట జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది?

నేను కోరేవి అసాధ్యమైనవి కావు. లింకు తెగితే ఆగాలా, కొనసాగాలా అన్న నిర్ణయం వ్యాపార విభాగం అధిపతి సంతకంతో కాగితం మీద ఉండాలి. ఆ నిర్ణయానికీ క్రిట్, డామినో, ఫెన్స్ లెవెల్ విలువలకూ పొంతన ఉందో లేదో మూడు నెలలకొకసారి స్టోరేజీ మనిషి తేల్చి రాయాలి. రోజువారీ రిపోర్టులో జోడీల స్థితితో పాటు ఒక్కో జత గుంపుల మధ్య ఎన్ని పాత్‌లు ఉండాలి, ఎన్ని ఉన్నాయి, తిరుగు దారిలో ఎన్ని ఉన్నాయి అన్న అంకెలు రావాలి. కొత్త కంట్రోల్ యూనిట్ చేరిన రోజునే దాని కంట్రోల్ డివైజ్, ఆటోమేషన్ జాబితాలో దాని పేరు చూసుకోకుండా మార్పును మూయకూడదు. తిరిగి కలిపే ముందు తీసే ఫ్లాష్‌కాపీ డిస్కును బడ్జెట్‌లో ఎవరూ ముట్టుకోకూడదు. ఆడిటరు వచ్చినప్పుడు డ్యూప్లెక్స్ తెర ఫొటో అడగడం మానేసి, కిందటిసారి నడుస్తున్న లోడు మీద పాత్ ఎప్పుడు పీకారు, ఫ్రీజ్‌కు ఎన్ని సెకన్లు పట్టింది, ఏ గుంపు వెనకబడింది అని అడగాలి. జవాబు లేకపోతే అదే తన రిపోర్టులో మొదటి వాక్యంగా రాయాలి.